వెర్రిబాగులదా? వివేకవతియా?

ప్రతి పెద్ద కుటుంబములోను ఒక అమాయకురాలుండును. ఆమె మేనత్త కావచ్చును, పినతల్లి కావచ్చును, పెద్ద తోడికోడలు కావచ్చును. నలుగురు కూర్చుండి మాటలాడుకొనుచున్నప్పుడు ఆమె యొక ప్రశ్న వేయును. అందరు ఒకరి మొగమొకరు చూచుకొని నవ్వుదురు. వారెందులకు నవ్విరో తెలియకపోయినను ఆమెయు వారితోపాటు నవ్వును. "మా వెర్రిబాగుల అత్తయ్య" యని పిల్లలు ముద్దుగా చెప్పుకొందురు. ఆమె కాలము చేసి పది దినములు గడువకమునుపే ఆ నోళ్లతోనే, "ఆమెకు తెలియనిదేమున్నది? అన్నియు తెలిసియే ఏమియు తెలియనట్లు గడుపుకొనిపోయినది, మహా ఇల్లాలు" అందురు. బ్రదికియున్నన్నాళ్లు వెర్రిది, పోయిన తరువాత వివేకవతి. ఈ రెండింటిలో ఏది నిజమని విచారించువారు తక్కువ. రెండును ఆమెకు సరిపడవేమో యని అనుమానించువారు మరియు తక్కువ.

ఈ విచారము నాకు మన యిండ్లను చూచి గాక, అమెరికా దేశపు టెలివిజను నాటకమొకటి చూచి కలిగినది. మా అమ్మాయి పురుటికై వెళ్లి న్యూజెర్సీలో ఆరు నెలలుంటిని. బారసాలకు వచ్చిన వియ్యపురాలుగారు కూడ కొన్నాళ్లు అచ్చటనే నిలిచిరి. పసివాడు పాలు త్రాగి నిద్రపోయిన పిమ్మట మా మువ్వురకు దొరకెడి గంటసేపు తీరికలో అమ్మాయి 'ది గోల్డెన్ గర్ల్స్' అను పాత హాస్యనాటకమును పెట్టుచుండెడిది. పిల్లవాడు లేచునేమో యని శబ్దము తగ్గించి, తెర అడుగున కనబడు అక్షరములు చదువుకొనుచు చూచెడివారము. నవ్వు వచ్చినచో కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెడివారము.

ఆ నాటకమును కల్పించినది సూజన్ హారిస్ అను రచయిత్రి. అది ఎన్.బి.సి. సంస్థ ద్వారా 1985వ సంవత్సరము సెప్టెంబరు 14న మొదలై, 1992 మే 9 వరకు ఏడు విడతలుగా, 180 భాగములుగా నడచినది. ఫ్లోరిడా రాష్ట్రములోని మయామీ నగరమున ఒక ఇంట నలుగురు స్త్రీలు కలిసి కాపురముందురు. ఇల్లు బ్లాంచ్‌ది, ఆమె భర్తను పోగొట్టుకొన్నది, అలంకారప్రియురాలు, పురుషుల మెప్పు కోరునది. డొరొతీ ఉపాధ్యాయిని, భర్త విడాకులిచ్చి వెడలిపోయెను, ఆమె నాలుక కత్తివంటిది. సోఫియా డొరొతీకి తల్లి. సిసిలీ ద్వీపమున పుట్టినది. తానుండిన వృద్ధాశ్రమము కాలిపోగా కూతురి యొద్దకు వచ్చి చేరినది. నాలుగవది రోజ్. వీరిలో ఎవరికిని ఇంట మగదిక్కు లేదు. కష్టము వచ్చినను సుఖము వచ్చినను రాత్రివేళ వంటయింటి బల్లచుట్టు చేరి, చీజ్‌కేకు తినుచు మాటలాడుకొందురు. మన యిండ్లలో భోజనములైన పిమ్మట ఆడవారు వంటయింటి గడపలో కూర్చుండి తమలపాకులు వేసికొనుచు చెప్పుకొనెడి మాటలు నాకు జ్ఞప్తికి వచ్చెడివి.

నేను వ్రాయదలచినది ఈ రోజ్ గూర్చి. ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రములో సెయింట్ ఓలఫ్ అను పల్లె ఆమె పుట్టినూరు. ఆ రాష్ట్రమునకు పందొమ్మిదవ శతాబ్దమున నార్వే, స్వీడను దేశములనుండి రైతులు వలస వచ్చిన మాట నిజమే కాని, ఈ సెయింట్ ఓలఫ్ మాత్రము రచయితలు కల్పించిన ఊరు. ఏ మాట వచ్చినను రోజ్ "మా ఊరిలో ఒకసారి" అని మొదలుపెట్టును. ఆ కథలో ఒక ఆవుండును, ఒక చేప యుండును, ఒక వింత యుత్సవముండును. కథ ఎచ్చటనో మొదలై ఎచ్చటికో పోవును. డొరొతీ తల పట్టుకొనును. మాటకు వెనుకనున్న మాట రోజ్‌కు వినబడదు. మన భాషలో చెప్పవలెనన్నచో, 'కొంప మునిగిన'దనగా నీరెక్కడనున్నదని చూచు రకము. అయినను ఎల్లప్పుడు నవ్వు మొగము. ఎల్లప్పుడు ఎదుటివారికి ఏదియో ఒకటి చేసిపెట్టు చేతులు.

ఈమెను గూర్చి మా మువ్వురిలో వాదము పుట్టినది. "ఆవిడకు నిజముగానే ఏమీ తెలియదమ్మా. తెలియనందువల్లనే సంతోషముగా ఉన్నది" అని మా అమ్మాయి పక్షము. "కాదు వదినగారూ, ఆవిడకు తెలియనిది లేదు. ఆ తెలివితేటల మనుష్యులందరి నడుమ నెగ్గుకొని వచ్చుటకు అదొక యుపాయము" అని వియ్యపురాలిగారి పక్షము. నేను ఎటును చేరక వినుచుంటిని. తీర్పు చెప్పుమని ఇద్దరును నన్ను బలవంతపెట్టిరి గాని, నాకు ఆ తీర్పు చెప్పుటకు చాలకాలము పట్టినది.

అమ్మాయి పక్షమున బలమైన సాక్ష్యము ఆ పాత్ర పుట్టుకలోనే యున్నది. రోజ్‌గా నటించిన బెటీ వైట్‌ను మొదట బ్లాంచ్ పాత్రకనుకొనిరి. బ్లాంచ్‌గా నటించిన రూ మెక్లానహన్‌ను రోజ్ పాత్రకనుకొనిరి. ఏలయనగా బెటీ వైట్ అంతకుముందు 'ది మేరీ టైలర్ మూర్ షో' అను నాటకములో, పైకి తేనెలొలుకు మాటలును లోపల పురుషులపై కన్నును గల సూ ఆన్ అను పాత్రతో పేరు పొందియుండెను. రూ మెక్లానహన్ 'మోడ్' అను నాటకములో కొంచెము అమాయకురాలైన స్నేహితురాలిగా నటించియుండెను. వేసిన వేషమే మరల వేయుట యెందులకని, తొలి భాగమునకు దర్శకుడైన జే శాండ్రిచ్ ఇద్దరి పాత్రలను తారుమారు చేయించెను. రోజ్ తెలివితక్కువది కాదనియు, విన్న మాటను విన్నట్లే నమ్మునదనియు, అంతకుమించి మరేమియు లేదనియు బెటీ వైట్ తరువాత చెప్పుచుండెడిది. ఈ పాత్రకు 1986లో ఆమెకు ఎమ్మీ బహుమానము వచ్చినది. మరియొక వింత యేమనగా, నలుగురు నటీమణులలో వయస్సున అందరికంటె పెద్దది ఈ అమాయకురాలి వేషము వేసిన బెటీ వైటే. తల్లి వేషము వేసిన ఎస్టెల్ గెట్టీ, కూతురి వేషము వేసిన బీ ఆర్థర్ కంటె ఒక యేడు చిన్నది.

బెటీ వైట్ నటనను జాగ్రత్తగా చూచినచో ఒక సంగతి తెలియును. ఆమె మనవైపు తిరిగి "నాకంతయు తెలియును సుమా" యన్నట్లు ఒక్క కనుసైగయు చేయదు. అట్లు చేసినచో రోజ్ ఒక దొంగ యగును. స్నేహితురాండ్రను లోలోపల వెక్కిరించుచు పైకి నవ్వునదగును. అమాయకత్వము నటన కానప్పుడే ఆ నవ్వులో విషముండదు. కాబట్టి రహస్యముగా అన్నియు తెలిసినదను మాట ఆమెకు పొగడ్తవలె కనబడునే గాని, విచారించి చూడగా అది ఆమెపై మోపిన నింద.

ఇక వియ్యపురాలిగారి పక్షమునకును సాక్ష్యము లేకపోలేదు. 1986లో వచ్చిన ఒక భాగములో, డొరొతీతో కళాశాలలో చదువుకొన్న జీన్ అను స్త్రీ ఆ ఇంటికి అతిథిగా వచ్చును. ఆమె జీవిత సహచరి కూడ స్త్రీయే. ఆ సహచరి మరణించిన దుఃఖములో నున్నది. జీన్ కూడ పాడిపశువుల నడుమ పెరిగినది. కాబట్టి ఎవరును వినని సెయింట్ ఓలఫ్ కథలను ఆమె ఆసక్తితో వినును. క్రమముగా ఆమెకు రోజ్‌పై ప్రేమ కలుగును. ఇంటిలో అందరికిని తెలిసిన పిమ్మట గాని ఆ సంగతి రోజ్‌కు తెలియదు. తెలిసినప్పుడు ఆమె ఏమి చేయునా యని మనము భయపడుదుము. ఆమె జీన్‌ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అటువంటి మనోభావము తనకు అర్థము కాదనియు, తానును అట్టిదానినే యైనచో తనను కోరినందుకు గర్వపడియుందుననియు, స్నేహముతోనే సరిపెట్టుకొందమనియు చెప్పును. ఆ కాలమున అమెరికాలో చదువుకొన్నవారును ఈ సంగతిని ఇంత మర్యాదగా చెప్పగలిగిరో లేదో! ఈ మాటలు వినగానే వియ్యపురాలుగారు "చూచితిరా?" యని నా మోకాలు తట్టిరి.

చూచితిని, కాని నాకు కనబడినది వేరొకటి. ఆమె "నాకు అర్థమైన"దనలేదు, అర్థము కాలేదనియే చెప్పినది. అర్థము కాని దానిని అసహ్యించుకొనవలెనను అలవాటు మాత్రమే ఆమెకు లేదు. మనలో తెలివిగలవారమనుకొనువారు అర్థము కానిది ఎదురైనప్పుడు మొదట చేయు పని మొగము చిట్లించుట. రోజ్‌కు ప్రతి దినమును ప్రతి సంగతియు అర్థము కాకపోవుట వాడుకయే గనుక, ఈ సంగతియు వానిలో ఒకటియైనది. అజ్ఞానము తనకు లేనట్లు నటింపనివారికి గల వెసులుబాటు అది. దానిని రహస్యజ్ఞానమనుట సరికాదు.

మన పురాణములలోను కథలలోను ఇట్టివారికి రెండు గూళ్లు సిద్ధముగా నున్నవి. ఒకటి జడభరతుని గూడు. భాగవతము అయిదవ స్కంధములో ఆయన మూఢునివలె తిరుగుచు, రహూగణ మహారాజు పల్లకి మోయుచు, త్రోవలోని చీమలను త్రొక్కకుండ అడుగులు వేయును. పల్లకి కుదుపులకు రాజు కోపించి మందలించినప్పుడు గాని ఆయన మహాజ్ఞాని యని బయటపడదు. రెండవది పరమానందయ్య శిష్యుల గూడు. సూది తెండని పంపగా తాటిదుంగకు గ్రుచ్చి పదిమంది మోసికొని వచ్చిరని చెప్పుకొని మనము తరతరములుగా నవ్వుచున్నాము. ఎవరైనను వింతగా మాటలాడినచో మనకు తెలియకుండనే ఈ రెండు గూళ్లలో ఒకదానిలో కూర్చుండబెట్టుదుము. రోజ్ ఏ గూటిలోను ఇముడదు. ఆమె జడభరతుడు కాదని చెప్పుటకు ఆమె కోపమే సాక్ష్యము.

1986లోనే వచ్చిన మరియొక భాగములో, ఇరుగుపొరుగువారు కాపాడుకొనదలచిన ఒక పాత ఓకు చెట్టును గూర్చి నగర సభలో విచారణ జరుగును. పొరుగున నున్న గయ్యాళి ముసలామె అడ్డుపడును. ఆమెను మంచిమాటలతో త్రిప్పుకొన ప్రయత్నించి విసిగిపోయిన రోజ్ సభలో అందరియెదుట, నచ్చకపోయిన చచ్చిపొమ్మని అరచును. ఆ ముసలామె అక్కడికక్కడనే కూలి మరణించును! 1987లో వచ్చిన భాగములో, రోజ్ చిన్ననాటినుండి దాచుకొన్న బొమ్మ ఎలుగుబంటి పొరపాటున ఒక బాలికచేతికి పోవును. ఆ పిల్ల దానిని తిరిగి యిచ్చుటకు బేరములాడి వేధించును. తుదకు రోజ్ చాల మెత్తగా మాటలాడి, బొమ్మను పిల్లకే వదలుకొనుచున్నట్లు కనబడి, మరుక్షణమున దానిని లాగుకొని పిల్లను గుమ్మము బయటికి నెట్టి తలుపు వేయును. జీవితము అన్నివేళల న్యాయముగా నుండదని ఒక పాఠము కూడ చెప్పును. మేము మువ్వురము ఒక్కసారి పెద్దగా నవ్వితిమి, పసివాడు లేచినాడు.

1990లో వచ్చిన భాగము నవ్వించునది కాదు. పూర్వము రోజ్‌కు శస్త్రచికిత్స జరిగినప్పుడు ఎక్కించిన రక్తములో ఎయిడ్స్ వ్యాధి క్రిమి యుండవచ్చునని ఆసుపత్రినుండి జాబు వచ్చును. రక్తమును ఈ వ్యాధికై పరీక్షించు విధానము అమెరికాలో 1985లో గాని రాలేదు. కాబట్టి అట్టి జాబు నిజముగానే చాలమంది గుండెలలో రాయి పడవేసియుండును. పరీక్ష ఫలితము వచ్చుటకు మూడు దినములు. ఆ మూడు దినములలో మన నవ్వుమొగపు రోజ్ భయముతో కఠినురాలగును. ఎందరో పురుషులతో తిరిగిన నీకు రానిది, ఏ తప్పును చేయని నాకేల రావలెనని బ్లాంచ్‌తో అనును. అది చెడ్డవారికి వచ్చు జబ్బు కాదనియు, దేవుడు పాపులకు విధించు శిక్ష కాదనియు బ్లాంచ్ ఆమెకు బుద్ధి చెప్పును. ఆ ఇంట అందరిలో చపలచిత్తయని పేరుపడిన స్త్రీ నోట వివేకము వచ్చినది. అమాయకురాలి నోట క్రౌర్యము వచ్చినది. ఫలితము తుదకు మంచిదే యైనది. రోజ్‌ను దేవతను చేయవలెననుకొనువారు ఈ భాగమును మరవరాదు.

ఇచ్చట మా ఇంటి సంగతి యొకటి చెప్పవలెను. మా మేనత్తను కూడ అందరు వెర్రిబాగులదనియే అనెడివారు. చిన్నతనముననే భర్త పోగా పుట్టింటికి వచ్చి, మా నాయనమ్మ ప్రక్కనే పడుకొనుచు కాలము గడపినది. కోనసీమలోని మా తాతగారి యిల్లు ఆయన పోయిన తరువాత మా నాన్నగారును వారి అన్నదమ్ములును పంచుకొనిరి. పెద్దమనుష్యులు నలుగురు వచ్చిరి. వసారా యొకరికి, పడమటి గదులొకరికి, వంటయిల్లును పెరడును ఒకరికి అని చీట్లు వ్రాసి తీసిరి. కాగితముమీద అంతయు సరిగా తేలినది. కొబ్బరిచెట్లు కూడ లెక్కకు వచ్చినవి. మా అత్తయ్య ఒక మూల కూర్చుండి చింతపండు పిక్కలు తీయుచుండెను. వ్రాసినదంతయు చదివి వినిపించిన పిమ్మట ఆమె చేతిలోని కత్తిపీట ప్రక్కకు పెట్టి, "అన్నయ్యా, అమ్మ పడుకొనే గది ఎవరి వంతుకు వచ్చింది?" అని అడిగినది.

ఎవరును నవ్వలేదు. చీట్లు మరల వ్రాసిరి. నడిమి గది మా నాయనమ్మ బ్రదికియున్నంతవరకు ఉమ్మడి యని నిర్ణయించిరి. ఇది జరిగి నలువది సంవత్సరములు దాటినది. నేటికిని మా బంధువులలో దీనిని గూర్చి రెండు పక్షములున్నవి. తెలిసియే అడిగి, అన్నదమ్ములను సిగ్గుపరచినదని కొందరందురు. ఏమియు తెలియక అడిగినది, అది దైవికముగా తగలవలసినచోట తగిలినదని కొందరందురు. నేను పెద్దదాననైన పిమ్మట ఒకసారి ఆమెనే అడిగితిని. "ఏమోనే తల్లీ, రాత్రికి పక్క ఎక్కడ పరచాలో నాకు తెలియొద్దూ?" అన్నది. ఈ మాటయు రెండు పక్షములవారికిని పనికివచ్చినది.

ఆ ఇంటి సంగతియు ఈ నాటకమును కలిపి ఆలోచింపగా, మనము అడుగుచున్న ప్రశ్నయే ప్రక్కదారి పట్టినదని నాకు తోచినది. ఆమె తెలిసి అడిగినదా, తెలియక అడిగినదా యని ఆమె తలలోనికి తొంగిచూచుటకు ఎంతయో శ్రమపడితిమి. ఆ గదిలో నున్న పదిమందిలో మరెవ్వరును ఆ మాట ఏల అడుగలేదని ఒక్కరును విచారింపలేదు. కొబ్బరిచెట్లను లెక్కవేసిన తెలివిగలవారికి తల్లి లెక్కలోనికి రాలేదు. అత్తయ్యకు వచ్చినది, ఏలయనగా ఆమె ప్రతి రాత్రియు ఆ తల్లికి పక్క పరచుచున్నది. అది రహస్యమైన జ్ఞానము కాదు, అజ్ఞానమును కాదు. తాను చేయు పనిమీద, తాను చూచుకొను మనిషిమీద దృష్టి. రోజ్‌లో నున్నదియు ఇదియే. ఎదుటివారి మాటలోని వంకర ఆమెకు తెలియదు. ఎదుటివారి మొగములోని దిగులు తెలియును. నాటకములో ఆమెకు మొదట ఇచ్చిన ఉద్యోగము కూడ ఆప్తులను పోగొట్టుకొని దుఃఖించువారిని ఓదార్చు పనియే.

మొదటి యేటి కథల చివర, 1986లో వచ్చిన భాగమును చూడుడు. ఈ స్త్రీలు ఒక ఇంట చేరిన క్రొత్తలో ఎట్లు పోట్లాడుకొనిరో అందులో చెప్పుకొందురు. పొత్తు కుదరదని విడిపోవుటకు సిద్ధపడినప్పుడు రోజ్ తన ఊరి కథ యొకటి ఎత్తుకొనును. రెండు వంశములవారు హెర్రింగు చేపలకై యుద్ధము చేసిరట. ఒకరు వానిని ఊరవేయవలెననిరట, మరొకరు సర్కసులో ఆడించుటకు నేర్పవలెననిరట! వినువారు మొదట తెల్లబోయి, తరువాత ఆపుకొనలేక పడిపడి నవ్వుదురు. ఆ నవ్వుతో కాపురము నిలిచినది. ఆమె సంధి చేయవలెననియే ఆ కథ చెప్పినదా? నాటకము ఆ సంగతి చెప్పదు, చెప్పకుండుటయే మంచిది.

అయితే ఈ వాదమంతయు వినోదమునకే యని మీరనుకొనరాదు. వెర్రిది, వివేకవతి యను రెండు బిరుదములకును ఒకే ఫలము కలదు. అది నన్ను భయపెట్టినది. 1989లో వచ్చిన ఒక భాగములో రోజ్ మాత్రల సీసా చేజారిపోగా, ఆమె ప్రవర్తన హఠాత్తుగా మారిపోవును, చిరచిరలాడును, తడబడును. విచారింపగా బయటపడిన సంగతి యిది: చాలకాలము క్రిందట పొలము పనిలో నడుమునకు దెబ్బ తగిలినప్పుడు వైద్యుడు నొప్పి మాత్రలు వ్రాసి యిచ్చెను. నొప్పి పోయినను, పనుల ఒత్తిడి దినములు గడచుటకు ఆమె ఆ మాత్రలను మ్రింగుచునే యుండెను. అట్లు ముప్పది యేండ్లు! ఇంటిల్లిపాదికి నవ్వు పంచుచున్న ఆ మొగము వెనుక మూడు దశాబ్దముల బానిసత్వమున్నదని ఎవరికిని తెలియదు. స్నేహితురాండ్రు రాత్రియంతయు మేలుకొని ఆమె ప్రక్కన కూర్చుందురు. వారి వలన కూడ కాలేదు. తుదకు ఆమె చికిత్సాలయమునకు పోయి గాని మానలేకపోయినది. ఆ యేడే వచ్చిన మరియొక భాగములో, భర్త పనిచేసిన సంస్థ దివాలా తీయగా ఆమె పింఛను నిలిచిపోవును. వయస్సు మీరినదని ఉద్యోగమిచ్చువారు వెనుకాడుదురు. ఇన్ని దెబ్బలు తిన్న స్త్రీకి ఏమియు తెలియదని ఎట్లనగలము?

ఇప్పుడు ఆలోచింపుడు. ఒక స్త్రీని వెర్రిబాగులదని నిర్ణయించినచో, ఆమెకు బాధ తెలియదని మన మనస్సు సమాధానపడును. "దానికేమి, నవ్వుచు తిరుగుచుండును" అందుము. ఆమెను మహావివేకవతియని నిర్ణయించినను, ఆమె బాధకు అతీతురాలని సమాధానపడుదుము. "ఆమెకు చెప్పగలవారమా? అన్నియు తెలిసినది" అందుము. ఎట్లైనను "నీకెట్లున్నది? రాత్రి నిద్ర పట్టినదా?" యని అడుగవలసిన పని తప్పిపోవును. ఇంటిలో గట్టిగా మూలుగువారికి కాఫీయు కషాయమును వేళకు అందును. నవ్వువారికి అందదు. ముప్పది యేండ్లు ఒక స్త్రీ మాత్రలు మ్రింగినను తెలియకపోవుటకు కారణము, ఆమె దాచుటలో నేర్పరియగుట మాత్రమే కాదు. సంతోషముగా కనబడువారిని పరీక్షగా చూడవలసిన అక్కర లేదని లోకము నమ్ముటయు ఒక కారణమే.

బెటీ వైట్ కథయు నాకు ఇక్కడ జ్ఞప్తికి వచ్చును. ఆమె భర్త అలెన్ లడన్ 1981లో మరణించెను. నాలుగేండ్లకు ఆమె ఈ నాటకములో, భర్తను పోగొట్టుకొని దూరపు నగరమున నవ్వుచు బ్రదుకు స్త్రీ వేషము వేసినది. మరల వివాహమాడలేదు. 2021 డిసెంబరు 31న, నూరవ పుట్టినరోజుకు కొద్ది దినములే యుండగా, తొంబది తొమ్మిదవ యేట ఆమె కన్నుమూసెను. రోజ్ చార్లీని గూర్చి చెప్పునప్పుడెల్ల ఆ కంఠములో కనబడెడి మెత్తదనము నేర్చుకొన్నదో, అనుభవించినదో నేను చెప్పజాలను. సంతోషమనగా దుఃఖము తెలియకపోవుట యని మా అమ్మాయి మొదట చెప్పిన మాట మాత్రము ఈమె విషయమున నిలువదు. దుఃఖము తెలిసియు పొద్దున లేచి నవ్వు మొగముతో వంటయింటిలోనికి వచ్చువారున్నారు. అది వారి స్వభావము కావచ్చును, అభ్యాసము కావచ్చును. కాని కనులు లేకపోవుట కాదు.

కాబట్టి నా తీర్పు అడిగిన మా అమ్మాయికిని వియ్యపురాలిగారికిని నేను చెప్పినది ఇంతే. రోజ్‌కు చాల సంగతులు నిజముగనే తెలియవు. వానిని తెలిసినట్లు మనము కల్పింపనక్కరలేదు. ఆమెకు తెలిసినవి ఆమె దాచుకొనలేదు. రోజును అందరియెదుట వానిని చేతలలో చూపుచునే యున్నది. ఇంటివారు ఆమె మాటలకు నవ్వుచుండుటచే ఆ చేతలు కనబడలేదు. "అయితే ఇద్దరమూ ఓడిపోయామన్నమాట" అని అమ్మాయి నవ్వినది. వియ్యపురాలుగారు మాత్రము "ఆ ఎలుగుబంటి బొమ్మ సంగతి చూచిన తరువాత కూడ మీరు ఆమెకు తెలియదందురా?" అని నన్ను వదలలేదు. ఆమెతో వాదించి గెలుచుట నా తరము కాదు.

సోదరీమణులారా, మీ ఇంటను ఒక రోజ్ ఉండియే యుండును. ఆమె వెర్రిదో వివేకవతియో తేల్చుకొనుటకు తొందరపడవలదు. అది ఆమె పోయిన తరువాత బంధువులు ఎట్లును తేల్చుకొందురు. ఈసారి నలుగురిలో ఆమె యొక ప్రశ్న వేసి, అందరు నవ్వబోవునప్పుడు, మీరు ఒక్కక్షణమాగి ఆ ప్రశ్నకు సమాధానము చెప్ప ప్రయత్నింపుడు. కొన్ని ప్రశ్నలకు సమాధానము సులభముగనే దొరకును. కొన్నింటికి మాత్రము చీట్లు మరల వ్రాయవలసి వచ్చును. అటుపిమ్మట, ఆమె తన పనిలో తాను పడి లేచిపోకమునుపే, ఆమె నడుము నొప్పి ఎట్లున్నదో కూడ అడుగుడు.